నాకోసం తెచ్చిన పిల్లి

నలభై నాలుగో సంవత్సరం ఎండాకాలంలో మా ఆయన పుంగనూరు నుంచి ఒక పిల్లిని తెచ్చాడు. నాకోసం తెచ్చాడు. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను. ఆ ఎండాకాలం మా ఇంట్లో జరిగిన రభసంతా ఈ ఒక్క మాట మీదే నడిచింది.

యుద్ధం రోజులు, పెట్రోలు దొరికేది కాదు. మా ఆయన జయరత్నం బొగ్గుల బస్సు తోలేవాడు. బస్సు వెనక నిలువెత్తు ఇనప పొయ్యి ఉండేది. దాంట్లో బొగ్గులు కాల్చి ఆ గ్యాసుతో బండి నడిపేవాళ్ళు. రోజూ మదనపల్లె నుంచి పుంగనూరుకి, వారానికి రెండుసార్లు కుప్పం దాకా. సాయంత్రం ఇంటికొచ్చేసరికి కళ్ళు తప్ప మనిషంతా నలుపే. ఆ రోజు చేతిలో ఒక గోతాం కూడా ఉంది. బొగ్గులేమో అనుకొని పొయ్యికాడ పెట్టమన్నాను.

"బొగ్గులు కాదు మే. పుంగనూరు షెడ్డుకాడ కుక్కలు తరుముకుంటే నిప్పారని బొగ్గుల కుప్పలో దూరింది. తోక కొస కాలిపోయుండాది. నేను సూసినా కాబట్టి బతికె. నీకని తెచ్చినా."

నీకని! పెళ్ళై రెండేళ్ళయింది. ఆ ఇంట్లో నాది అని చెప్పుకోవడానికి నా పెట్టె, నా బైబిలు తప్ప ఏమీ లేవు. మిగతాదంతా మా ఆయన అక్క, మా వదిన రాహేలుది. వాళ్ళమ్మ చిన్నప్పుడే పోతే మా ఆయన్ని పెంచింది ఆమే. మంచం ఆమెది, ఇత్తడి బిందె ఆమెది, గోడ మీద వాక్యం పటం ఆమె కుట్టింది. ఆమెకు క్షయ వచ్చి ఊరి బయట శానిటోరియంలో ఉంది. అయినా నేను చారు కాస్తే "అక్క ఇంత మెంతులు వేసేది" అని మా ఆయన ఆమెను వంటింట్లోకి తెచ్చి నిలబెట్టేవాడు. అలాంటి ఇంట్లోకి నాకోసమని ఒక ప్రాణం వచ్చింది. బొగ్గి అని పేరు పెట్టాను.

గోతాం మూతి విప్పగానే బొగ్గి మూలనున్న దొంతికుండల వెనక్కి దూరింది. తొమ్మిది రోజులైనా అక్కడే. టెంకాయ చిప్పలో మజ్జిగ కలిపిన రాగిసంగటి పెట్టాను, ఎండుచేప తలకాయ పెట్టాను. నేను అవతలికి పోతే తినేది. వంగి చూస్తే వణికేది. నా చేతికి నెమ్మది లేదు, ఆ మాట ఒప్పుకుంటాను. నేను నడిస్తే గిన్నెలు మోగుతాయి. మూత కింద పడితే చాలు, అది కూర్చున్నచోటే ఒంటికి పోసుకునేది. నేను కుండల ముందర చతికిలబడి "బొగ్గీ, రావే, నేనే కదా నీ దాన్ని" అని బతిమాలేదాన్ని. రెండు పచ్చటి కళ్ళు నన్ను చూసేవి, అంతే.

పదో రోజున వదిన ఇంటికొచ్చింది. పద్దెనిమిది నెలల తర్వాత. జబ్బు పూర్తిగా పోయిందని డాక్టరు చెప్పాడట. నెలకొకసారి వెళ్ళి తూకం చూపించుకోవాలి. రోజూ అర్ధశేరు పాలు, ఒక గుడ్డు. మధ్యాహ్నం శానిటోరియంలో లాగే రెండు గంటలు విశ్రాంతి. దాన్ని ఊరికే పడుకోవడమనుకోకండి. గంట కొడితే మాట్లాడకూడదు, చదవకూడదు, పక్కకు తిరగకూడదు. మళ్ళీ గంట కొట్టేదాకా బొమ్మలాగా ఉండాలి. మా ఇంట్లో గంట లేదు. మిషన్ బడి గంటను బట్టి ఆమె వసారాలో మంచం మీద పడుకునేది.

"రోగం పోయిందని డాక్టరే చెప్పినాడు కదా, ఇంకా యాల భయం?" అన్నాడు మా ఆయన.

డాక్టరు చెబితే సరా? నేను ఆమెకు కంచం, లోటా వేరే పెట్టాను. గరిటె కంచానికి తగలకుండా మూరెడు ఎత్తునుంచి వడ్డించేదాన్ని. వదిన చూసేది. ఒక గరిటె పడగానే "సాలు యేసమ్మా" అనేది. నేను గరిటె తీసుకుపోయేదాన్ని.

నాలుగో మధ్యాహ్నం నేను పెరట్లో చింతపండు గింజలు తీస్తున్నాను. ఇంట్లోకి చూస్తే దొంతికుండల వెనకనుంచి బొగ్గి బయటికి వస్తోంది. కడుపు నేలకు ఆనించి, నాలుగడుగులు వేసి ఆగి, మళ్ళీ నాలుగడుగులు. నా దగ్గరికే వస్తోందనుకున్నాను. అది గడప దాటి వసారాలోకి పోయింది. మంచం మీదనుంచి వేలాడుతున్న వదిన చేతి దగ్గర కూర్చుంది. ఆ వేళ్ళు నాకడం మొదలుపెట్టింది.

వదిన కదల్లేదు. కళ్ళు కూడా తెరవలేదు.

తొమ్మిది రోజులు మోకాళ్ళు అరిగేటట్టు దాని ముందు కూర్చున్నది నేను. చేప తలకాయలు పెట్టింది నేను. ఆమె వచ్చి నాలుగు రోజులు కాలేదు, ఒక చెయ్యి వేలాడేసి పడుకుంటే నా పిల్లి ఆమెదైపోయింది. బడి గంట కొట్టేదాకా ఆగి, చింతపండు చేతులతోనే వసారాలోకి పోయాను.

"దానికి ఏం మందు పెట్టినావు వదినా?"

"నేనేం సేసినా యేసమ్మా? కదలకుండా పండుకోనుంటి. ఆడ అలవాటైపోయె కదా. వచ్చి కూసునె."

సాయంత్రం మా ఆయనకు చెప్పుకుంటే నవ్వాడు. "మా అక్కకాడికి ఏదైనా వస్తాది. నేనూ అట్నే పెరిగినా" అన్నాడు. ఆ పూట అతనికి నీళ్ళు కాచలేదు. బొగ్గు మసితోనే పడుకోమన్నాను.

ఆ రోజునుంచి దాని అసలు రంగు దినదినానికీ బయటపడింది. ఒళ్ళంతా నాక్కొని నాక్కొని మసి వదిలించుకుంటే లోపల తెల్లటి పిల్లి, వీపు మీద నారింజరంగు మచ్చ. "ఇంత తెల్లదాన్ని బొగ్గి అంటే ఏం బాగుంటాది? రూతు అందాం" అంది వదిన. పేరు మార్చడానికి ఆమెవరు? నేను ఇంకా గట్టిగా, వీధి చివరిదాకా వినబడేటట్టు "బొగ్గీ" అని పిలిచేదాన్ని. అది ఏ పేరుకూ పలికేది కాదు. బడి గంట కొడితే మాత్రం వసారాలో ఉండేది.

ఒక ఆదివారం వదిన పాస్టరమ్మగారింటికి పోయింది. నేను పోయి ఆమె మంచం మీద పడుకున్నాను. కదలకుండా పడుకోవడం ఎంత కష్టమో ఆ రోజు తెలిసింది. ముక్కు మీద ఈగ వాలింది. మజ్జిగ కుండ మీద మూత వేశానో లేదో గుర్తు రాలేదు. వీపు దురద పుట్టింది. ఎలాగో ఓర్చుకున్నాను. బొగ్గి గడప దాకా వచ్చింది. కంటి సందులోంచి చూస్తున్నాను. చెవులు నిక్కించి నన్ను చూసింది. పడుకుంది ఎవరో తెలిసిపోయినట్టుంది, తోక తిప్పుకొని లోపలికి పోయింది. ఎవరూ లేరు కదా అని కాసేపు ఏడ్చాను.

మే నెల మొదట్లో వదినను తూకానికి తీసుకుపోయిన మా ఆయన ముఖం వేలాడేసుకొని వచ్చాడు. రెండున్నర పౌండ్లు తగ్గింది. ఇంకొక నెల ఇట్లాగే తగ్గితే మళ్ళీ చేర్చుకోవాల్సి వస్తుందని చెప్పారట.

"పాలు తాగతాండావా అక్కా?"

"తాగతాండానప్పా."

నేను వంటింట్లోకి పోయాను. అతను నీళ్ళకని వెనకాలే వచ్చాడు. ఇంక నోరు కట్టుకోలేకపోయాను.

"పాలు యాడికి పోతాండాయో నాకు తెలుసు. సగం ఆమె తాగతాది, సగం పిల్లికి పోస్తాది. నా కండ్లారా సూసినా."

అది నిజమే, చూశాను. చాలారోజుల నుంచి చూస్తున్నాను. అంతవరకూ ఎందుకు చెప్పలేదో, అప్పుడెందుకు చెప్పానో నాకు బాగా తెలుసు. అతను అక్కను నాలుగు మాటలంటాడనీ, పిల్లిని ఆమె దగ్గరికి పోనివ్వద్దంటాడనీ అనుకున్నాను. అతను అన్నది ఇంకొకటి.

"అయితే పిల్లిని ఎవురికన్నా ఇచ్చేద్దాం. కుప్పంలో రాజమ్మని ఉండాది, పట్టుపురుగులు మేపతాది. ఎలుకలు పురుగుల్ని తినేస్తాండాయి, మంచి పిల్లిని సూసిపెట్టప్పా అని పోయిన వారమే అడిగె."

ముందు నాకు తట్టింది ఒక్కటే: నా పిల్లి! ఆ వెంటనే ఇంకొక ఆలోచన వచ్చింది. పోతే ఇద్దరికీ పోతుంది. నాకు కానిది ఆమెకూ ఉండదు. సిగ్గు లేకుండా చెబుతున్నాను, నాకు సంతోషమైంది. "అట్నే కానీ" అన్నాను.

వదిన వసారాలోంచి అంతా వినే ఉంటుంది. "మంచి ఇల్లేనా?" అని మాత్రం అడిగింది.

దాన్ని పట్టుకోవడం నా చేత కాలేదు, మా ఆయన చేతా కాలేదు. వదినే ఎత్తి గోతాంలో పెట్టింది. పిల్లి దారి చూస్తే తిరిగి వచ్చేస్తుందని మూతి గట్టిగా కట్టమన్నాను. గాలి ఆడాలని ఆమె తన చెయ్యి పట్టేంత సందు ఉంచింది. ఆ చెయ్యి మదనపల్లె నుంచి కుప్పం దాకా గోతాంలోనే ఉంది. మిట్ట వచ్చినచోటల్లా బస్సు ఆగిపోయేది, అందరూ దిగి తొయ్యాలి. వదినను తొయ్యొద్దన్నారు. నేను దిగి తోశాను. వెనకనుంచి అద్దంలోంచి లోపలికి చూస్తే ఆమె గోతాం మీదికి వంగి ఏదో చెబుతోంది. ఇంకా గట్టిగా తోశాను.

రాజమ్మ యాభై ఏళ్ళ మనిషి, చురుకైనది. పురుగుల గది వాకిట్లోనే మమ్మల్ని ఆపింది. బయటివాళ్ళు లోపలికి పోకూడదు, పురుగుకు రోగం తగులుతుంది. లోపల తట్టలు వరసగా పేర్చి ఉన్నాయి. మల్బరీ ఆకు మేస్తున్న చప్పుడు వాన పడుతున్నట్టు వినబడుతోంది.

"ఇది శానా బెదురు పిల్లి అమ్మా" అంది వదిన. "రెండు మూడు దినాలు ఎవురూ దాన్ని పిలవొద్దండి. సప్పుడు సెయ్యకుండా కూసోండి సాలు, అదే వస్తాది."

"మా ఇంట్లో ఎవురూ సప్పుడే సెయ్యరు తల్లీ. పురుగు నిద్రలో ఉన్నప్పుడు దగ్గొస్తే కూడా మేము బయటికొచ్చి దగ్గుతాము" అంది రాజమ్మ.

గోతాం విప్పితే బొగ్గి బయటికొచ్చి నిలబడింది. వణకలేదు. చెవులు ఆ చప్పుడు వైపు తిప్పి, మెల్లగా తట్టల కిందికి పోయి కూర్చుంది. రాజమ్మ వంగి దాని కడుపు చూసి నవ్వింది.

"ఇది సూలుది కదమ్మా! ఒకటి అడిగితే నాలుగు తెచ్చినారే. మీకు తెలీదా?"

మాకు తెలీదు. ఆమె, నేను, రెండు జతల కళ్ళు నెలరోజులుగా దాని మీదే ఉన్నాయి. అది ఎవరి దగ్గరికి పోతుందో చూశాం గానీ దాని కడుపు చూసినవాళ్ళు లేరు. నేను పెట్టిన సంగటికి లావెక్కిందని నేను అనుకున్నాను.

ఎండలో వచ్చాం కదా, నీళ్ళు తాగమంది రాజమ్మ. చెంబు తెచ్చి అరుగు మీద నిలబడింది.

"మీరు మిషనోళ్ళు కదా?"

"అవునమ్మా."

మేము కింద వాకిట్లో నిలబడి దోసిళ్ళు పట్టాం. ఆమె పైనుంచి పోసింది. నాకు ఇది కొత్త కాదు. పుట్టినప్పటినుంచి ఇలాంటి నీళ్ళు ఎన్ని ఇళ్ళ ముందు తాగానో లెక్క లేదు. మామూలుగా తల దించుకొని తాగేస్తాను. ఆ రోజు ఎందుకో తల ఎత్తాను. చెంబు నా చేతికి తగలకుండా మూరెడు ఎత్తులో ఉంది. రాజమ్మ ముఖంలో కోపం లేదు, చెడ్డతనమూ లేదు. జాగ్రత్త ఉంది, అంతే. ఆ ఎత్తు నాకు తెలుసు. రోజూ రెండు పూటలా నా చెయ్యి ఉండే ఎత్తు అది.

తర్వాత వదిన దోసిలి పట్టింది. రెండు గుక్కలు తాగింది.

"ఇంకా పోయాల్నా తల్లీ?"

"సాలమ్మా" అంది వదిన. ఆమె పెదాలు ఎండిపోయే ఉన్నాయి.

ఆ 'సాలు' నేను నెలరోజులుగా వింటున్నదే. కోలుకునే ఒంటికి ఒక్క గరిటె సంగటి చాలుతుందా అని నేను ఒక్కసారీ అడగలేదు. రెండున్నర పౌండ్లూ పాలలోనే పోలేదు. పమిట కొంగుతో ముఖం తుడుచుకొని అవతలికి తిరిగాను.

బస్సు కుప్పం దాటింది. మేమిద్దరం మా ఆయన వెనక సీటులో కూర్చున్నాం. ఆ బస్సు మోతలో పక్కనున్నవాళ్ళ మాట తప్ప వినబడదు. వదిన ఖాళీ గోతాం మడిచి ఒళ్ళో పెట్టుకుంది.

"వదినా, పాల సంగతి సెప్పింది నేనే."

"తెలుసు."

"నీ తూకం కోసం సెప్పలేదు. నాకు కుళ్ళు. అది నీకాడికి వస్తాంటే సూడలేకపోతి."

ఆమె ఏడుస్తుందనుకున్నాను, లేదంటే దేవుడు నిన్ను క్షమిస్తాడనే మాట ఏదన్నా అంటుందనుకున్నాను.

"నాకూ కుళ్ళే యేసమ్మా" అంది.

"ఏమి?"

"నేనేమీ సెయ్యలేదని సెప్పినా కదా. అబద్ధం. వచ్చిన దినమే ఏలికి పాలు పూసుకొని సెయ్యి ఏలాడేసినా. మొదటి మూడు దినాలు రాలే. నాలుగో దినం వచ్చె." ఆమె గోతాం మడత సరిచేసింది. "పద్దెనిమిది నెలలు ఆడ పండుకోనుంటే నా తమ్ముడు నాకని ఒక పువ్వన్నా తేలే. ఆ దినం నన్ను తీసకపోను వచ్చి, దావలో సంబరంగా సెప్తాండాడు, యేసమ్మకు పిల్లిని తెచ్చినా అక్కా అని. నాకు ఒళ్ళు మండిపాయె. నా సగం పాలు పోతే పోనీ, దాన్ని నీకాడ్నించి పెరుక్కోవల్ల అనుకొంటి."

నెలరోజులు ఈమెను దేవదూత అనుకొని, దేవదూత మీద కుళ్ళుకుంటున్నానే అని నన్ను నేనే తిట్టుకున్నాను. దేవదూత వేలికి పాలు పూసుకొని పడుకుంది! మళ్ళీ తూకం తగ్గితే శానిటోరియానికి పోవాలని తెలిసీ నా పిల్లి కోసం తన పాలు పోసింది!

"ఎంత దొంగదానివి వదినా!" అన్నాను.

ఆమె పెదాలు బిగబట్టింది గానీ ఆగలేదు, నవ్వింది. నాకూ నవ్వు ఆగలేదు. కళ్ళెంబడి నీళ్ళు కారేటట్టు నవ్వుతున్నాం. మా ఆయన వెనక్కి తిరిగి "ఏమైంది మీకు?" అని అరిచాడు.

"నువ్వు ముందర సూసి తోలు!" అని ఇద్దరమూ ఒకేసారి అరిచాం.

ఇంటికొచ్చి సంగటి కెలికాను. ముద్ద చేత్తో తీసి ఆమె కంచంలో పెట్టాను. "సాలు" అంది. ఇంకొకటి పెట్టాను. తినింది. జూన్ తూకంలో మూడు పౌండ్లు పెరిగింది. పాలు ఇప్పుడు ఎవరికీ పొయ్యక్కర్లేదు కదా.

ఆ ఇల్లు పిల్లికి కలిసొచ్చింది. రాజమ్మ గదిలో ఎలుక అనేది లేదనీ, పిల్లి తట్టల కింద హాయిగా ఈనిందనీ, మూడు పిల్లలనీ మా ఆయన కబురు మోసుకొచ్చేవాడు. నేనూ వదినా ఆ కబురు విని, చూశావా అన్నట్టు ఒకరినొకరు చూసుకొని, ఎవరి పనిలోకి వాళ్ళం పోయేవాళ్ళం. ఆ పిల్లలు పాలు మానేసరికి ఆగస్టు వచ్చింది.

"రాజమ్మ ఒకటి పెట్టుకొంటాదంట. తక్కినవి ఎవురికన్నా కావాల్నా అంటాది. ఒకటి తెస్తా. ఎవురికి తేవల్ల?" అన్నాడు ఒక సాయంత్రం, కాళ్ళు కడుక్కుంటూ.

వదిన నన్ను చూసింది. నేను వదినను చూశాను.

"యేసమ్మకే తే" అంది ఆమె.

"వదినకే తే" అన్నాను నేను.

ఇద్దరి మాటలోనూ పస లేదు. అది అతనికి కూడా తెలిసినట్టుంది, చెంబు పట్టుకొని అలాగే నిలబడ్డాడు.

"ఒకటి తెస్తే ఈ ఇల్లు నిలవదు జయరత్నం" అంది వదిన చివరికి. "రెండు తీసుకురా."

రెండు తెచ్చాడు. నల్లమచ్చలది నాది, తెల్లది ఆమెది. రెండూ బెదురు లేని పిల్లలు, వచ్చిన పూటే ఇల్లంతా దున్నేశాయి. నెల తిరక్కుండా వదిన పిల్లి ఎలుకను పట్టింది. ఆమె ఆ ఎలుకను తోక పట్టుకొని వీధిలో నాలుగిళ్ళకు చూపించి, కడపట నాకు చూపించింది. బాగా పట్టిందే అన్నాను, నవ్వుతూనే అన్నాను. తర్వాత నా పిల్లిని చంకన పెట్టుకొని వంటింట్లోకి పోయి, తలుపు దగ్గరికి వేసి, "సిగ్గులేదే నీకు?" అని గొంతు తగ్గించి బాగా చివాట్లు పెట్టాను.